సైట్లు అమ్ముకున్నాం, ఇండ్లు కట్టలేదు

హోసూరు నుంచి బాగలూరు దారిలో పోయినా, డెంకణికోట దారిలో పోయినా, రాయకోట వైపు మళ్ళినా ఇప్పుడు కనిపించేది ఒకటే. రోడ్డు వారగా రంగులు పూసిన కమాను, దాని మీద ఏదో ఒక నగరు పేరు. లోపల నలుపు ఇంకా మాయని తారురోడ్డు, కరెంటు స్తంభాలు, అంకెలు వేసిన తెల్లరాళ్ళు. రాళ్ళ నడుమ మోకాటెత్తు వయ్యారిభామ. ఇల్లు మాత్రం అక్కడొకటి, ఇక్కడొకటి. అక్కడికి మైలు దూరంలోని పాత ఊళ్ళో రేకుల గదుల వరస. గదికి ఆరుగురు. పగటి షిఫ్టుకు పోయినవాడి చాప మీద రాత్రి షిఫ్టు దిగి వచ్చినవాడు పడుకుంటాడు.

ఒకే పొలిమేరలో ఇంత ఖాళీ నేలా, ఇంత ఇరుకు గదీ పక్కపక్కనే ఎట్లా పుట్టాయని అడిగితే మన దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. చెన్నైకి మనం పట్టలేదంటాం. ఢిల్లీకి మనం తెలియదంటాం. బెంగుళూరు వచ్చి మీద పడిందంటాం. ఈ మూడిట్లోనూ కొంత నిజముంది. కానీ ఆ సైట్లు గీసిన నేల మనది. అమ్మిన చెయ్యి మనది. ఆ రేకుల గదికి బాడుగ వసూలు చేసేదీ మనమే. ఈ హోసూరు సీమ మొరసునాటి తెలుగువాళ్ళం ఇక్కడ నిన్నమొన్న దిగినవాళ్ళం కాము. పట్టా మన పేర ఉండగా, పంచాయతీలో మన మాట చెల్లుతుండగా, ఈ ఊళ్ళు ఎట్లా పెరగాలో చెప్పే అవకాశం మళ్ళీ మళ్ళీ మన గడపదాకా వచ్చింది. వచ్చిన ప్రతిసారీ మనం అడిగింది సెంటు ధర ఎంత పెరుగుతుందనే.

1970లలో సిప్కాట్ పారిశ్రామికవాడ వచ్చింది. వెనుకబడిన ప్రాంతమని రాయితీలిచ్చి పరిశ్రమలను పిలిచారు. 1980 ప్రాంతంలో టీవీఎస్, అశోక్ లేలాండ్, ఆ దశాబ్దం ముగిసేలోగా టైటాన్. రాగి, ఉలవ, అనప పండిన మెట్టచేలలో షెడ్లు లేచాయి. అప్పట్లో ఫ్యాక్టరీతోపాటు ఇల్లు కూడా ఎంతో కొంత లెక్కలో ఉండేది. హడ్కో పేరుతో వెలిసిన కాలనీలు ఆనాటివి. పాత ఏఎస్‌టీసీ హడ్కో, అవలపల్లి హడ్కో, బాగలూరు హడ్కో అనే పేర్లు ఈనాటికీ ఆటోవాళ్ళ నోట వినిపిస్తాయి. టైటాన్ మత్తిగిరి దగ్గర తన ఉద్యోగులకు టౌన్‌షిప్పే కట్టింది. తర్వాత దేశం లెక్క మారింది. 1994 జాతీయ గృహనిర్మాణ విధానంతో ప్రభుత్వం తాను కట్టడం తగ్గించుకుని, కట్టేవాళ్ళకు దారి సుగమం చేసే పాత్రలోకి జరిగింది. 2007 విధానం అదే దారిని ఇంకా వెడల్పు చేసింది. ఆ మార్పును మనం వ్యతిరేకించలేదు, అర్థం చేసుకోనూ లేదు. కట్టేవాళ్ళు వస్తారనుకున్నాం. వచ్చింది గీతలు గీసేవాళ్ళు. వాళ్ళకు చేను చూపించి, పక్క రైతును ఒప్పించి, మధ్యవర్తిత్వం చేసి కమీషన్ పుచ్చుకున్నది మనవాళ్ళే.

ఆ అమ్మకం ఎట్లా జరిగేదో ఈ ప్రాంతంలో తెలియనివాళ్ళు లేరు. ఆదివారం పొద్దున బెంగుళూరు నుంచి వ్యాన్లు దిగుతాయి. షామియానా, నీళ్ళ సీసాలు, మధ్యాహ్నం బిర్యానీ. గోడకు కట్టిన ప్లాను మీద ముప్పై నలభై సైట్లు గళ్ళుగళ్ళుగా ఉంటాయి, అమ్ముడైన గడికి ఎర్రచుక్క పెడతారు. ఆ రోజే అడ్వాన్సు కట్టినవాళ్ళకు గ్రాము బంగారు నాణెం. ఒక మూల పచ్చరంగు పూసి పార్కు అని రాసి ఉంటుంది. నేల మీద ఆ పచ్చరంగు ఎక్కడుందో వెతికితే దున్నడానికి లొంగని గుండ్రాళ్ళ గుట్టో, వాన వస్తే నీళ్ళు పారే పల్లమో కనిపిస్తుంది. 10 వేల చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌లో పదో వంతు స్థలం అందరికీ విడిచిపెట్టి, రోడ్లతోపాటు స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ రాసివ్వాలని నిబంధన. ఆ పదో వంతు ఎక్కడ విడిచారో చూసుకోవాల్సింది ఆ ఊరివాళ్ళం. పిల్లలు ఆడుకునే చోటు గుండ్రాళ్ళ మీద పడిందని తెలిసీ నోరు మెదపలేదు, ఎందుకంటే పక్క సర్వే నంబరు మనది. రేపు మన చేను గీసేటప్పుడు ఎవరూ అడ్డుపడకూడదు గదా.

అప్రూవల్ సంగతి ఇంకా ఘోరం. తమిళనాడు నగర గ్రామీణ ప్రణాళికా చట్టం 1971 నాటిది. లేఅవుట్‌కు నగర గ్రామీణ ప్రణాళికా సంచాలకుల (డీటీసీపీ) అనుమతి కావాలని అందరికీ తెలుసు. అయినా ఏళ్ళ తరబడి పంచాయతీ ప్రెసిడెంటు సంతకం, గుండ్రటి ముద్ర చూపించి ‘పంచాయతీ అప్రూవ్డ్’ అని అమ్మారు. ఆ ప్రెసిడెంట్లలో మనవాళ్ళు తక్కువ కారు. సంతకం పెట్టిన చేతిని మనం అడగలేదు. ఊరికి గుడి కట్టించాడు, జాతరకు చందా ఇచ్చాడు అని మెచ్చుకున్నాం. అట్లాంటి స్థలాల రిజిస్ట్రేషన్‌ను అడ్డుకునే రిజిస్ట్రేషన్ చట్టపు 22-ఏ సెక్షన్‌ను రాష్ట్రం 2008లోనే రాసుకుని అమలు చేయకుండా పక్కన పెట్టింది. చివరికి మద్రాసు హైకోర్టు 2016 సెప్టెంబరు 9న, అనుమతి లేని ప్లాట్లు రిజిస్టరు చేయవద్దని ఉత్తర్వు ఇచ్చింది. అక్టోబరు 20న ఆ సెక్షన్ అమల్లోకి వచ్చింది.

ఆ కొన్ని నెలలు మనకు దొరికిన మంచి అవకాశం. రిజిస్ట్రేషన్లు ఆగిన వేళ ఊరంతా ఒకచోట కూర్చుని, ఎన్ని సైట్లు గీశాం, వాటికి నీళ్ళెక్కడివి, మురుగు ఎటు పోతుంది, చెరువుల్లోకి వాననీళ్ళు తెచ్చే కాలవలు ఎన్ని పూడ్చాం అని లెక్క వేసుకోవచ్చు. మనం కూర్చోలేదు, కదిలాం. రిజిస్ట్రేషన్లు తెరవాలని కదిలాం. కూతురి పెళ్ళికి దాచుకున్న సైటు అమ్ముడుపోవడం లేదని ఏడ్చినవాళ్ళ బాధ నిజమే, ఆ బాధను నేను తక్కువ చేయను. కానీ ఆ కన్నీళ్ళ చాటున వందల ఎకరాలు గీసినవాళ్ళు కూడా నిలబడ్డారు, మనం వాళ్ళను వేరు చేసి చూడలేదు. 2017 మే 4న క్రమబద్ధీకరణ నిబంధనలు వచ్చాయి. 2016 అక్టోబరు 20కి ముందు వేసిన లేఅవుట్ అయితే రుసుము కట్టి సరిచేసుకోవచ్చు. గడువు మళ్ళీ మళ్ళీ పొడిగించారు. పొడిగించిన ప్రతిసారీ హమ్మయ్య అనుకున్నాం. డబ్బు కడితే కాగితం సరవుతుంది. పూడిన కాలవ తెరుచుకోదు, గుండ్రాళ్ళ పార్కు చదునవదు. ఇది మన ఒక్కరి జబ్బే కాదు. తెలంగాణలో 2020లో ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం) పిలిస్తే దాదాపు 25 లక్షల దరఖాస్తులు వచ్చిపడ్డాయి. అన్ని లక్షలమంది అనుమతి లేని నేల కొన్నారంటే, అమ్మినవాళ్ళెందరో, చూస్తూ ఊరుకున్నవాళ్ళెందరో ఊహించుకోవచ్చు.

కేంద్రం తెచ్చిన స్థిరాస్తి చట్టం రెరా 2017 మే 1 నుంచి పూర్తిగా అమలైంది. 500 చదరపు మీటర్లకు గానీ, ఎనిమిది యూనిట్లకు గానీ మించని ప్రాజెక్టు తప్ప తక్కినవన్నీ రిజిస్టరు చేయాలి. కొనేవాడికి రక్ష అది. మనలో కొందరు చేసిన పని, చేనును ఎనిమిదికి లోపు ముక్కలుగా, అన్నదమ్ముల పేర్ల మీద, బావమరదుల పేర్ల మీద విడివిడిగా చూపించడం. మనలో తక్కినవాళ్ళం ఆ తెలివిని టీకొట్టు దగ్గర చెప్పుకుని మురిసిపోయాం.

ప్రణాళిక అనే మాట వింటే అదేదో ఆఫీసర్ల పని అనుకుంటాం. 1971 చట్టం అట్లా అనలేదు. మాస్టర్ ప్లాన్ ముసాయిదా ప్రకటించాక జనం అభ్యంతరాలు, సూచనలు రాసివ్వడానికి కనీసం రెండు నెలలు గడువివ్వాలని అందులోనే ఉంది. ఏ సర్వే నంబరు నివాసానికి, ఏది పరిశ్రమకు, ఏది సేద్యానికి అని అందులో ఉంటుంది. మన నంబరు ఏ రంగులో పడిందని మాత్రమే చూసుకున్నాం. నివాసపు పసుపులో పడితే స్వీట్లు పంచాం, సేద్యపు పచ్చలో పడితే దాన్ని మార్పించే మనిషి కోసం వెతికాం. పక్క ఊరి బడి ఎక్కడ, ఆస్పత్రి ఎక్కడ, ఫ్యాక్టరీకి వచ్చే వేలమంది ఎక్కడ పడుకుంటారు అని ఒక తెల్లకాగితం మీద నాలుగు వాక్యాలు రాసివ్వడం మనకు చేతకాక కాదు. పెళ్ళిపత్రికలకు పద్యాలు రాసేవాళ్ళం, రెవెన్యూ కోర్టుకు పేజీలకు పేజీలు అర్జీలు రాసేవాళ్ళం.

అదే చట్టంలో 38వ సెక్షన్ ఉంది. రోడ్డుకో పార్కుకో అట్టిపెట్టిన భూమిని మూడేళ్ళలో ప్రభుత్వం సేకరించకపోతే అది విడుదలైనట్టే. రైతుకు న్యాయం చేయడానికి పెట్టిన సెక్షన్. దీన్ని మాత్రం మనం బాగా చదువుకున్నాం. మూడేళ్ళు గడిచేదాకా నోరు మూసుకుని కూర్చుని, గడిచిన మర్నాడు గీతలు గీయించాం. ఇరవై అడుగుల సందులో అంబులెన్సు తిరగలేక వెనక్కి వస్తుంటే ఇప్పుడు కార్పొరేషన్‌ను తిడుతున్నాం.

1992లో 74వ రాజ్యాంగ సవరణ పట్టణ ప్రణాళికను పురపాలికలకు అప్పగించదగిన పనుల జాబితాలో మొట్టమొదట రాసింది. ఆ అధికారం మనకు చేరలేదన్నది నిజం. చేరలేదని మనం అడగలేదన్నదీ నిజం. 2016 అక్టోబరులో తమిళనాడు స్థానిక సంస్థల గడువు తీరిపోయింది. పట్టణాలకు ఎన్నికలు జరిగింది 2022 ఫిబ్రవరి 19న. ఆ అయిదేళ్ళ పైచిలుకు మనకు కౌన్సిల్ లేదు. క్రమబద్ధీకరణ నిబంధనలు వచ్చింది, ఉమ్మడి భవన నిర్మాణ నిబంధనలు వచ్చింది, హోసూరు కార్పొరేషన్ అయింది, అన్నీ ఆ కాలంలోనే. మన వార్డుకు మెంబరు లేడన్న లోటు మనకు తెలియలేదు. రిజిస్ట్రారు ఆఫీసు తెరిచే ఉంది గదా.

పల్లెల్లో ఆ సాకు కూడా లేదు. జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2, వీటికి తోడు ఇప్పుడు మార్చి 22, నవంబరు 1. గ్రామసభలు ఇన్ని. బడి ఆవరణలో ప్లాస్టిక్ కుర్చీలు వేసి, మైకు పెట్టి పిలుస్తారు. ఉపాధి పనివాళ్ళు, వృద్ధాప్య పింఛను అడగవచ్చిన అవ్వలు ముందు వరసలో కూర్చుంటారు. భూములున్నవాళ్ళం మోటారుసైకిల్ దిగకుండానే, రిజిస్టరు బయటికి తెప్పించుకుని సంతకం పెట్టి వెళ్ళిపోతాం. పొరంబోకు ఎంత మిగిలిందో, ఇల్లు లేనివాళ్ళు ఎందరో ఆ సభలోనే తేలాలి.

ఇల్లు లేనివాళ్ళు అనగానే గుర్తుకు రావాల్సినవాళ్ళు రెండు రకాలు. ఒకరు మన ఊరివాళ్ళే. 2015 జూన్ 25న ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణాలకు మొదలైంది, 2022కల్లా అందరికీ ఇల్లన్నారు. సొంత స్థలం ఉన్నవాడు కట్టుకుంటే కేంద్రం లక్షన్నర ఇచ్చేది. స్థలం లేనివాడికి ఆ పథకంలో వేరే దారులున్నా అవి ఇరుకు దారులే. మన చేలల్లో తరతరాలు పనిచేసిన కుటుంబాల దగ్గర స్థలం లేదు, ఎందుకంటే ఆ చేలన్నీ సైట్లయ్యాయి. సైట్లు గీసేటప్పుడు ఆ కుటుంబాలకు నాలుగు సెంట్లు విడిచిపెడదామన్న మాట ఏ పంచాయితీలో మనం అన్నాం? ఆంధ్రలో 2020లో 30 లక్షలకు పైగా ఇంటి పట్టాలు ఇచ్చినప్పుడు, ఊరికి దూరం, సెంటు సెంటున్నర ఏం చాలుతుందని ఇక్కడ కూర్చుని విమర్శించాం. ఆ విమర్శలో పస ఉంది. విమర్శించే అర్హత మనకు లేదు.

రెండోవాళ్ళు పరాయి నాటి నుంచి వచ్చినవాళ్ళు. 2021లో మన జిల్లా పోచంపల్లిలో ఓలా స్కూటర్ల ఫ్యాక్టరీ వచ్చింది. హోసూరు చుట్టుపక్కల ఐఫోన్ విడిభాగాల తయారీ మొదలైంది. 2022 నవంబరులో కేంద్రమంత్రి అశ్విని వైష్ణవ్, హోసూరు దగ్గరి కర్మాగారంలో 60 వేలమందికి పని దొరుకుతుందని, మొదటి 6 వేలమంది రాంచీ, హజారీబాగ్ ప్రాంతాల గిరిజన స్త్రీలని చెప్పారు. పేపర్లో ఆ వార్త చదివి మనం ఏం చేశాం? 2011 జనాభా లెక్కల్లో లక్షా 16 వేలున్న పట్టణానికి అన్ని వేలమంది పనివాళ్ళు వస్తున్నారంటే ఇల్లు, నీళ్ళు, బస్సు, వీధిదీపం అన్నీ మళ్ళీ లెక్కవేయాలి. మనం గొడ్లపాక పడగొట్టి రేకులు కప్పాం. పదడుగుల గది, కిటికీ లేదు, ఎనిమిది గదులకు ఒక మరుగుదొడ్డి, బయట ఒక డ్రమ్ము నీళ్ళు. బాడుగ గది లెక్కన కాదు, తల లెక్కన. మరో తల చేరితే మరో వెయ్యి.

తమిళనాడు కొత్త అద్దె చట్టం 2019 ఫిబ్రవరి 22 నుంచి అమల్లో ఉంది. ఒప్పందం రాసుకోవాలి, దాన్ని నమోదు చేయాలి, ఒప్పందంలో వేరే విధంగా లేకపోతే అడ్వాన్సు మూడు నెలల బాడుగకు మించకూడదు. 2021లో కేంద్రం పంపిన నమూనా చట్టమైతే రెండు నెలలే అంది. మనం ఇప్పటికీ పది నెలల అడ్వాన్సు నోటిమాటగా తీసుకుంటాం. ఖాళీ చేసేటప్పుడు సున్నం పేరు చెప్పి ఒక నెల, రిపేరు పేరు చెప్పి ఒక నెల కోస్తాం. భాష రాని పిల్ల వాదించలేదని మనకు తెలుసు. పైగా ఇల్లు చూపించే ముందు కులం అడుగుతాం, ఏం తింటారని అడుగుతాం. 2006 తమిళ అభ్యసన చట్టం వచ్చినప్పుడు మన పిల్లలు తెలుగులో చదువుకోవాలని ఊరేగింపులు చేశాం, కోర్టుకు వెళ్ళాం. న్యాయమైన పోరాటమది. అల్పసంఖ్యాకుల బాధ ఏమిటో తెలిసినవాళ్ళం, మన గుమ్మం దగ్గర నిలబడిన సంతాలీ పిల్ల ముందు మాత్రం ఉన్నట్టుండి భూస్వాములమైపోతాం. నాకు అన్నిటికంటే సిగ్గనిపించేది ఇక్కడే.

దారి లేక కాదు. కరోనా లాక్‌డౌన్‌లో వలస కూలీలు రోడ్లమీద నడిచాక, 2020 జూలైలో కేంద్రం తక్కువ బాడుగ ఇండ్ల సముదాయాల పథకం తెచ్చింది. 2024 జూలై బడ్జెట్‌లో పారిశ్రామిక కార్మికులకు డార్మిటరీ తరహా ఇండ్లు అన్నారు. పరిశ్రమల జోన్లో నివాసం కట్టనివ్వని జోనింగే పెద్ద అడ్డని అదే ఏడాది నీతి ఆయోగ్ నివేదిక రాసింది. 2024 ఆగస్టులో శ్రీపెరంబుదూరు దగ్గర వల్లం వడగాళ్‌లో 18,720 మంది మహిళా కార్మికులు ఉండే భవనాలు తెరిచారు. అట్లాంటివి ఇక్కడ ఊరి నడుమ, బస్సు దారిలో, మన సైట్లలో ఎందుకు రాకూడదని మన వర్తక సంఘాలు గానీ, మన తెలుగు సంఘాలు గానీ పట్టుబట్టలేదు. హాస్టళ్ళొస్తే మన గదుల బాడుగ పడిపోతుంది. ఈ మాట ఎవరూ పైకి అనరు, అందరి లెక్కలోనూ ఉంది.

ఇంగ్లండులో దీనికి తిరగబడిన కథ నడుస్తోంది. అక్కడ జాతీయ ప్రణాళికా విధానంలో స్థానిక సంస్థలకు ఇండ్ల లక్ష్యాలు పెడతారు. 2023 డిసెంబరులో వాటిని సలహాగా మార్చారు, ప్రభుత్వం మారాక 2024 డిసెంబరులో మళ్ళీ తప్పనిసరి చేశారు. అయిదేళ్ళలో 15 లక్షల ఇండ్లు వాళ్ళ లెక్క. అక్కడి బెడద ఏమిటంటే సొంత ఇల్లున్నవాళ్ళు ప్రతి కొత్త ఇంటికీ అభ్యంతరం రాస్తారు. మనం దేనికీ అభ్యంతరం రాయం. వాళ్ళు రాసి ఇండ్లు ఆపారు, మనం రాయక సైట్లు పెంచాం. ఇద్దరి నడుమా ఇల్లు లేనివాడు ఒకడే. అయితే వాళ్ళ దగ్గర ఎన్ని ఇండ్లు కావాలన్న అంకె ఒకటుంది, దాని మీద కొట్లాడుకుంటారు. హోసూరుకు ఏటా ఎన్ని ఇండ్లు కావాలని మన దగ్గర ఏ ఎన్నికల సభలోనైనా ఎవరినైనా నిలదీశామా? విమానాశ్రయం ఎప్పుడని అడిగాం, మెట్రో ఎప్పుడని అడిగాం. 2024 జూన్‌లో అసెంబ్లీలో విమానాశ్రయం మాట రాగానే మనం ముందు చేసిన పని, అమ్ముదామనుకున్న చేను ధర పెంచడం.

ఇప్పుడు నియమాలు ఇంకా సులువయ్యాయి. 2024 జూలై నుంచి 2,500 చదరపు అడుగుల లోపు స్థలంలో 3,500 చదరపు అడుగుల లోపు ఇంటికి తనిఖీ లేకుండా, స్వీయ ధ్రువీకరణతో ఆన్‌లైన్లోనే అనుమతి వస్తుంది. లంచం లేకుండా ఇల్లు కట్టుకునే సామాన్యుడికి ఇది నిజంగా మేలు. ప్రభుత్వం మన మాట నమ్మింది. కింద ఒకటి, పైన ఒకటి అని ధ్రువీకరించి, గృహప్రవేశమైన ఆర్నెల్లకు మూడో అంతస్తు మీద రేకులు వేసి బాడుగకిచ్చేది ఎవరో మన వీధిలో చూస్తే తెలుస్తుంది. కెలవరపల్లి ఆనకట్ట దగ్గర నురగ పొంగినప్పుడల్లా బెంగుళూరు మురుగని కర్ణాటకను తిడతాం, తిట్టాల్సిందే. మన సెప్టిక్ ట్యాంకు తోడుకుపోయే లారీ ఎక్కడ దించి వస్తుందో మాత్రం డ్రైవర్ను అడగం.

రాసేవాళ్ళం కూడా ఇందులో పాలివాళ్ళమే. మొరసునాడు పోయింది, రాగిచేలు పోయాయి, మన మాట పోతోంది అని రాసుకున్నాం. పోతున్న చేనును వర్ణించిన చేత్తోనే సేల్ డీడ్‌కు సాక్షి సంతకం పెట్టాం. మాస్టర్ ప్లాన్ మీద తెలుగులో ఒక చిన్న పుస్తకం వేసి, ఏ రంగు దేనికో, అభ్యంతరం ఎట్లా రాయాలో, అద్దె చట్టం ఏం చెబుతుందో పల్లెకు చేర్చే పని మనది. సర్కారు కాగితాలు తమిళంలో ఉన్నాయి, ఇంగ్లీషులో ఉన్నాయి, మనవాళ్ళకు అర్థం కావు అని వాపోవడంతో ఆగాం.

ఇదంతా చుట్టూ తిరిగి మన ఇంటికే వచ్చింది. సైట్లు అమ్మిన డబ్బుతో చదివించిన పిల్లలు బెంగుళూరులో, హైదరాబాదులో ఉద్యోగాలకు చేరి, పది నెలల అడ్వాన్సు కట్టి అద్దె ఇండ్లలో ఉంటున్నారు. కులం చెబితే గాని ఇల్లివ్వనివాళ్ళను చూసి ఫోన్లో బాధపడుతున్నారు. తిరిగొచ్చి హోసూరులో ఇల్లు కట్టుకుందామంటే తమ జీతానికి ఇక్కడి సెంటు అందదంటున్నారు. వాళ్ళు చెప్పింది విన్నాం. విని, అప్పు చేసి, వాళ్ళ పేరు మీద శూలగిరి అవతల ఇంకో సైటు కొన్నాం.